సాంబ్రాణి పొగలో చీమ

బీరన్నను కాల్చి చంపారు. సూర్యాపేటలో, పట్టపగలు, అతను ఏ సందులోంచి వస్తాడో ముందే తెలిసినట్టు! ఆ దారి చంపినవాళ్లకు చెప్పింది నీలవేణి. ఇటు రైతుల సంఘానికీ, అటు తుపాకులమ్మే తెల్లదొర ముఠాకూ కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. పట్టుచీర, సెంటు, మొహం నిండా నవ్వు. ఆ నవ్వు మండిపోనూ!

తమ్ముడు బీరన్న దినాలైనా కాకముందే గూఢచారి ఆండాలును సంఘం పెద్ద రామనర్సయ్య పిలిపించాడు.

"కోదాడ కాడ లారీ ఆగున్నది బిడ్డా, నిండ తుపాకులు. మన ఆత్మకూరు తగలబెట్టెటోళ్లు కొంటున్రు. టోకెన్ చేతుల పడితెనే దొర లారీ ఇడుస్తడు."

"ఏం టోకెన్ పెద్దయ్యా?"

"తేనెరంగు రాయి. రాయి గాదు, ఎన్నటి చెట్టు బంకనో గట్టిపడ్డది. అండ్ల ఓ చీమ ఇరుక్కున్నది. గసొంటి చీమ ఇప్పుడు లోకంల లేదట. నకలు చేసుడు ఎవ్వనితోని కాదు. కొనెటోళ్లు దాన్ని నీలవేణితోని పంపుతున్రు. ఆమె మెడల ఉంటది."

"మెడ గూడ తేవాల్నా?"

"రాయి సాలు."

ఆండాలు పళ్లు నూరింది.

నీలవేణి దిగిన కోదాడ ముసాఫిరు బంగళాలో ఆండాలు ఇప్పుడు తలంటు పోసే పనిమనిషి. ఆమె మొహం నీలవేణి ఎరగదు. తమ్ముడి మీది దుఃఖమంతా వేళ్లలోకి దిగి, నీలవేణి తలను బరబరా రుద్దింది.

"తల ఊడిపోద్దే! మెల్లగా!"

"మురికి బాగున్నది దొరసానీ."

కుంకుడు రసం తగులుతుందని నీలవేణి మెడలోని సంచీ తీసి పీట మీద పెట్టింది. ఆండాలు అందులోని రాయిని గుప్పిట్లోకి తీసుకుని, అదే రంగు సాంబ్రాణి గడ్డను సంచీలో పెట్టింది. ఇక సాంబ్రాణి కుంపటి మీద గంప బోర్లించి, దాని మీద నీలవేణి తడిజుట్టు పరిచింది. బయటపడే వీలు చూసుకునే లోపే వాకిట్లో కారు ఆగింది.

దొర దిగివచ్చి, సంచీలోని గడ్డను భూతద్దం పెట్టి చూశాడు. పిస్తోలు తీశాడు.

"చీమ ఎక్కడ?"

"ఈ పనిదాన్ని వెతకండి దొరా!" నీలవేణి అరిచింది.

"జర ఆగున్రి, పొగ తగ్గింది," అంటూ ఆండాలు గంప ఎత్తి, గుప్పిట నిప్పుల మీద విప్పింది. భగ్గున మంట. గుప్పున పొగ.

"ఏంటే ఈ వాసన?"

"మిర్యాలగూడ సరుకు దొరసానీ. కొత్తది."

ఆండాలు కొంగు, కొప్పు, అన్నీ వెతికించారు. ఏమీ లేదు. పిస్తోలు నీలవేణి వైపు తిరిగింది.

"ఎవరికి అమ్మావు?"

"ఒట్టు దొరా, నాకేం తెలీదు!"

టోకెన్ లేక తుపాకుల లారీ వచ్చిన దారినే బెజవాడకు మళ్లింది. నీలవేణిని కారులోకి ఈడుస్తుంటే ఆండాలు ఆమె చెవి దగ్గర అంది: "బీరన్న అక్కను."

సూర్యాపేటలో రామనర్సయ్య చెయ్యి చాపాడు.

"రాయి ఏది బిడ్డా?"

"ఆ నీలవేణి జుట్టుల ఉన్నది పెద్దయ్యా. పోయి వాసన సూడు."