ఐదు వందల మంది అత్తగార్లు

గురువారం ఉదయం పదిన్నరకు తలుపు తోసుకుని వచ్చిన మనిషి ముఖంలో భయం లేదు, ఒళ్ళు మండిపోతున్న చిరాకు ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సంచీలోంచి దారం కట్టిన కాగితాల కట్ట తీసి టేబుల్ మీద దబ్బున పడేసింది.

"ఇది నా నవల చివరి అధ్యాయం. ఎవరో ఊరందరికీ పంచిపెట్టారు. ఎవరో తేలాలి. ఎల్లుండి సాయంత్రం ఆరింటిలోగా తేలాలి," అంది.

ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. ఆవిడ ఏనాడూ పోలీసు ఇన్‌స్పెక్టరు కాదు. ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీలో ఉండి, కాలిపోయాయన్న గోడౌన్లు నిజంగా కాలాయా, వాటంతటవే కాలాయా అని తేల్చే ఉద్యోగం చేసింది. రిటైరయ్యాక ఈ గది అద్దెకు తీసుకుని సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టరమ్మ అని అక్కడ పడిన పేరు మాత్రం ఆవిడను వదల్లేదు. ఆవిడ సహాయకుడు టైపిస్టు. కోర్టులో టైపు మిషన్లు తీసేసినప్పుడు అతన్నీ తీసేశారు. యాభై దాటిన మనిషి, మేడమ్ నోటి వెంట ఏ మాట వచ్చినా నోట్ చేసుకోవడం అతనికి ఆనందం.

"కూర్చుని, మొదటినుంచి చెప్పండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

రచయిత్రి కూర్చుంది. పగలు నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం, తెల్లవారుజామున రాత. ప్రచురణకర్తలు వద్దన్న నవలను పాఠకుల అండతో తనే వేసుకుంటోంది. ముందుగా చేరినవాళ్ళకు నెలకో అధ్యాయం పంపుతుంది. ఐదు వందల మంది చేరితేనే పుస్తకం అచ్చవుతుంది. గడువు శనివారం సాయంత్రం ఆరు. అప్పటికి ఒక్కరు తగ్గినా ఎవరి డబ్బు వాళ్ళకు వెనక్కి పోతుంది, పుస్తకం ఉండదు.

"ఆదివారం ఐదు వందల ముప్పై నాలుగు మంది. సోమవారం పొద్దున ఊరూ పేరూ లేని పాఠకుడెవరో చివరి అధ్యాయం నెట్‌లో అందరూ చూసే చోట పెట్టాడు. ఇవాళ్టికి నాలుగు వందల డెబ్భై ఒకటి. నాలుగేళ్ళ రాత, మేడమ్! నాలుగేళ్ళు!"

"ముగింపు తెలిసిపోయిందని వెళ్ళిపోతున్నారా?"

"అది సగం. రెండో సగం నా ఖర్మ. మేం ముగింపు మీద పాఠకుల ఓటు పెట్టాం." రచయిత్రి నుదురు రుద్దుకుంది. "కథలో నాయిక రేవులో టికెట్లమ్ముతుంది. ముప్పై ఏళ్ళు అన్నదమ్ములకు వండిపెడుతుంది. నా మొదటి ముగింపులో ఆమె తను టికెట్లమ్మే పడవే ఎక్కి వెళ్ళిపోతుంది. పాఠకులేమో 'పాపం, అన్నలు మారారుగా, ఇంటికి పంపండి' అని ఓటేశారు. సరేనని తిరగరాశాను. బయటికొచ్చింది మొదటిది! 'ఓట్లేయించుకుని మమ్మల్ని మోసం చేశావ్' అని తిడుతున్నారు. నేను నవల రాస్తున్నానో, ఐదు వందల మంది అత్తగార్లకు వంట చేస్తున్నానో నాకే తెలియడం లేదు. ఒకరికి ఉప్పెక్కువ, ఒకరికి కారం తక్కువ."

టైపిస్టు నవ్వాపుకోలేకపోయాడు. "అయినా చంకలో గోడ గడియారం పెట్టుకుని పడవెక్కడమేమిటండీ, ఎంత కథైనా!"

ఇన్‌స్పెక్టరమ్మ అతని వంక ఒక్క క్షణం చూసింది. టేబుల్ మీది కట్ట దారం ఇంకా ఎవరూ విప్పలేదు. టైపిస్టు గబగబా రాసుకోవడంలో పడ్డాడు.

"అదే కదండీ! ఆ గడియారం నేను రాయలేదు," అంది రచయిత్రి. "పెద్ద మొత్తంతో చేరినవాళ్ళు తమకిష్టమైన వస్తువొకటి కథలో పెట్టించుకోవచ్చు, అదొక పద్ధతి పెట్టుకున్నాం. ఒకాయన తన వస్తువు చివరి అధ్యాయంలో కావాలన్నాడు. ఏ వస్తువో ఆయన చెప్పకముందే అధ్యాయం అయిపోయింది. అందుకని 'చంకలో' అని రాసి, పక్కన ఖాళీ వదిలి గీత గీశాను. తర్వాత ఎర్ర గొడుగు అన్నాడు. ఆ సంగతి నాకూ మా మరిదికీ తప్ప ఎవరికీ తెలియదు."

"మొదటి ముగింపు ఎవరెవరి దగ్గరుంది?"

"చేత్తో రాశాను. ముగ్గురికి జిరాక్సులిచ్చాను. పేజీ నడిపే మా మరిది, ప్రూఫులు చూసే మాస్టారు, అందరికన్నా ముందు చదివి చెప్పే రిటైరైన నర్సమ్మ. తిరగరాశాక మూడూ వెనక్కి తీసుకుని నా చేతుల్తో చింపేశాను."

"మీకు ఏ ముగింపు ఇష్టం?"

"ఇప్పుడు నా ఇష్టంతో పనేముందండీ?" అంటూ రచయిత్రి సంచీ తీసుకుని లేచింది.

మరిది బోర్డులు రాయించే దుకాణంలో పెద్ద తెర ముందు కూర్చుని ఉన్నాడు. పుస్తకం అట్ట మీది బొమ్మ వేసింది అతనే. తిట్లకు జవాబులు రాసీ రాసీ కళ్ళు ఎర్రబడ్డాయి.

"నేనెందుకు చేస్తానండీ? ఈ పుస్తకం ఆగితే మా వదిన నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా?"

"పాఠకుల ఉత్తరాలు ఎవరు చదువుతారు?"

"నేనే. వదిన దాకా రానివ్వను, బుర్ర పాడు చేసుకుంటుంది. ఓటు తేలాక బోలెడు మంది గోల చేశారు. ఒకావిడ వరసగా మూడు ఉత్తరాలు రాసింది. ఎవరో కూడా చూడలేదు, అవతల పడేశాను."

ప్రూఫు మాస్టారి వరండాలో కాగితాలు ఎగరకుండా ప్రతి దొంతర మీదా ఒక రాయి ఉంది. నలభై ఏళ్ళుగా ఇదే పని. అనుమానించారని తెలియగానే ఆయనకు ముక్కు మీదికి కోపం వచ్చింది. ఒక పేజీ తీసి ఇన్‌స్పెక్టరమ్మ ముందు పెట్టారు. ఒక వాక్యంలో మాట జారిపోయింది. అంచున ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం మాత్రం ఉంది.

"ఇక్కడ 'వాన' అని ఉండాలని నాకు తెలియదా? రాయను. రాయాల్సింది రాసినావిడ. ఒకరి కాగితం మీద నా మాట ఒక్కటి పడలేదు ఇన్నేళ్ళలో!"

నర్సమ్మ మూడో అంతస్తులో ఒంటి గదిలో ఉంటోంది. ఆర్నెల్ల కిందటే ఆ గదిలోకి వచ్చిందట. గోడలు ఖాళీగా ఉన్నాయి, మేకు కొడితే ఇంటి యజమాని ఊరుకోడంది. అల్మారాలో ఒకే సైజు నోటు పుస్తకాలు, వీపుల మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు.

"డ్యూటీ పుస్తకాలా?" అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"రాసే అలవాటు పోలేదు," అంది నర్సమ్మ.

టైపిస్టు రెండో కుర్చీ లాక్కోబోయాడు. అందులో దుప్పటి కప్పిన వస్తువేదో ఉంది.

"కదపకండి! కదిపితే మళ్ళీ ఆగిపోతుంది." ఆవిడ చప్పున వచ్చి దుప్పటి సర్దింది. అతను మంచం అంచున కూర్చున్నాడు.

"రెండు ముగింపుల్లో మీకు ఏది నచ్చింది?"

"రాసేది ఆవిడ. అనడానికి నేనెవర్ని?" అంది నర్సమ్మ కిటికీలోంచి చూస్తూ.

శుక్రవారం ఎటూ తేలలేదు. అధ్యాయం పెట్టిన ఖాతా ఎవరిదో కనుక్కోవడం కుదరలేదు. అంకె నాలుగు వందల అరవైకి దిగింది. రచయిత్రి గంటకోసారి ఫోన్ చేసి "ఏమైనా తెలిసిందా?" అనడం, ఇన్‌స్పెక్టరమ్మ "లేదు" అనడం, అవతల ఫోన్ టక్కున పెట్టేయడం. మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరమ్మ పెన్సిలు విసిరికొట్టింది.

టైపిస్టు క్యారియర్ విప్పాడు. "తినండి మేడమ్. మా చెల్లెలు ఇద్దరికీ సరిపడా కడుతుంది. పెళ్ళీ గిళ్ళీ వద్దనుకుంది, మాతోనే ఉంటుంది. తెల్లారి ఐదింటికే లేస్తుంది. అది లేకపోతే మా ఇల్లు ఒక్క పూట గడవదు."

"వద్దనుకుందా? నువ్వు అడిగావా?"

"అడిగేదేముంది మేడమ్!"

ఇన్‌స్పెక్టరమ్మ బయటపడిన అధ్యాయం మళ్ళీ తెరిచింది. ఈసారి ఒకే వాక్యం దగ్గర ఆగిపోయింది. "మనం తప్పు ప్రశ్న వేసుకున్నాం," అంది. "ఎవరు దొంగిలించారని కాదు. ఖాళీ చూసి ఎవరు ఊరుకోలేకపోయారు?"

శనివారం నాలుగింటికి కళ్ళజోళ్ళ దుకాణం మీద ఉన్న రచయిత్రి గదిలో అందరూ చేరారు. మరిది తెర ముందు, మాస్టారు గుమ్మం దగ్గర, నర్సమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని గోడ పక్కన. అంకె నాలుగు వందల యాభై ఆరు.

"మూడు కాపీల్లోనూ ఖాళీ ఉంది," మొదలుపెట్టింది ఇన్‌స్పెక్టరమ్మ. "మాస్టారైతే ఆ ఖాళీని అలాగే ఉంచేవారు. వాన అని తెలిసి కూడా వాన అని రాయని మనిషి. మరిదిగారైతే గొడుగు పెట్టేవారు, ఆయనకు ఆ సంగతి తెలుసు."

"కావాలనే వేరేది పెట్టి మన కళ్ళు కప్పొచ్చుగా మేడమ్?" అన్నాడు టైపిస్టు.

"కళ్ళు కప్పాలంటే ఖాళీ వదిలేస్తే చాలు. ముగ్గురి మీదా సమానంగా అనుమానం ఉంటుంది. నింపిన మనిషి దాక్కోవడానికి నింపలేదు, ఉండబట్టలేక నింపింది. మేకు కొట్టడానికి వీల్లేని గదిలో, కదిపితే ఆగిపోయే వస్తువు కుర్చీలో ఎందుకుంటుంది? అది గోడ గడియారం కాబట్టి. కాపీ తిరిగిచ్చినా అధ్యాయం ఎలా మిగిలింది? పన్నెండు అధ్యాయాలకు పన్నెండు నోటు పుస్తకాలు. చదివిన ప్రతి అధ్యాయాన్నీ మీరు చేత్తో ఎత్తి రాసుకున్నారు. అవునా, నర్సమ్మగారూ?"

మాస్టారు "అయ్యయ్యో" అన్నారు. రచయిత్రి నర్సమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"మీరా? అందరికన్నా ముందు మీకేగా ఇచ్చాను! ఎందుకు చేశారు?"

నర్సమ్మ తలెత్తి చూసింది. "ముప్పై ఒక్క ఏళ్ళు మా అన్నయ్య ఇంట్లో ఉన్నానమ్మా. డ్యూటీ దిగి వచ్చి వాళ్ళందరికీ వండేదాన్ని. మొన్న చలికాలంలో నువ్వు ఆ పన్నెండో అధ్యాయం ఇచ్చావు. ఆమె పడవ ఎక్కింది. నేను వారం రోజులు నిద్ర పోలేదు. తర్వాత గోడ మీంచి గడియారం దించుకుని వచ్చేశాను. నా మొదటి జీతంతో కొన్నది. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది."

నర్సమ్మ పమిట సర్దుకుంది.

"తర్వాత నువ్వు ఆమెను వెనక్కి పంపావు. ఓటేశారట! నీకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఆమె తిరిగి వెళ్ళిపోతే మరి నేనేం చెయ్యాలి? నీ పుస్తకం ఆగిపోతుందని మాత్రం అనుకోలేదు తల్లీ. తప్పే. ఏం శిక్ష వేసినా సరే."

రచయిత్రి మరిది వైపు తిరిగింది. అతను కుక్కిన పేనులా కూర్చున్నాడు. "వదినా, నీ మంచికే అనుకున్నా," అని గొణిగాడు.

"నా మంచి!" రచయిత్రి కళ్ళు తుడుచుకుని అతన్ని కుర్చీలోంచి లేపింది. "నాకూ మొదటిదే ఇష్టం. నోరు తెరిచి చెప్పే ధైర్యం లేకపోయింది. జరుగు."

చేరినవాళ్ళకూ మానేసినవాళ్ళకూ కలిపి ఆమె ఒకే ఉత్తరం టైపు చేసింది: 'మీరు చదివిన ముగింపే అసలు ముగింపు. దాన్ని మార్చడం నా పిరికితనం. ఓటు పెట్టి మాట తప్పుతున్నాను, తిట్టండి. గోడ గడియారం ఒక పాఠకురాలు ఇచ్చింది, అది ఉంటుంది. ఎర్ర గొడుగు రెండో చేతికిస్తాను. ఉండేవాళ్ళు ఉండండి.'

పంపిన వెంటనే ఇద్దరు మానేశారు. రచయిత్రి తల పట్టుకుంది. అయిదింటికి నాలుగు వందల డెబ్భై. అయిదున్నరకు నాలుగు వందల ఎనభై ఎనిమిది. మాస్టారు ఫోన్ తీసి, ఎలా చేరాలో మరిదిని అడిగి మరీ చేరారు. ఇన్‌స్పెక్టరమ్మ కూడా చేరింది. ఆరింటికి అయిదు నిమిషాలుందనగా అంకె నాలుగు వందల తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

నిమిషం గడిచింది. ఇంకోటి గడిచింది. టైపిస్టు లేచాడు. "మేడమ్, ఒక్కసారి బయటికెళ్ళి..."

"బయటికెందుకు? ఇక్కడే చేరు. సోమవారం మానేసినప్పుడు నన్నడిగి మానేశావా?"

అతను ఫోన్ తీయబోయి ఆగాడు. "మీకెలా..."

"కట్ట విప్పకముందే గడియారం సంగతి చెప్పావు. ఇప్పుడేమో చాటుగా చేరబోతున్నావు."

టైపిస్టు ఫోన్ నొక్కాడు. తెర మీద ఐదు వందలు పడింది. మరిది ఒక్క అరుపు అరిచాడు. రచయిత్రి బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది, మాస్టారు ఆమె భుజం తట్టారు.

ఆ సందడిలో టైపిస్టు నర్సమ్మ దగ్గరకు వెళ్ళాడు. ఎవరూ అడగకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాడు.

"ఆమెను ఇంటికి పంపమని ఓటేసినవాళ్ళలో నేనూ ఉన్నానండీ. ఇంట్లో ఆడమనిషి లేకపోతే వాళ్ళకెలా గడుస్తుందీ అనిపించింది."

నర్సమ్మ అతని వైపు కోపంగా చూడలేదు. "మీకు అక్కచెల్లెళ్ళున్నారా బాబూ?"

"ఒక చెల్లెలు," అన్నాడు టైపిస్టు. కాస్త ఆగి, "మా ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు.

"అయితే పుస్తకం రాగానే మీరు చదవకండి," అంది నర్సమ్మ. "ముందు ఆవిడకివ్వండి."