పదిహేడో వాల్వు, ఎనిమిది చుట్లు

మెడల్‌ను లిఫ్టులో చంపారు. ఆరో అంతస్తులో ఎక్కినవాడు గ్రౌండ్ ఫ్లోర్‌లో తలుపులు తెరుచుకునేసరికి ఇంకా నిలబడే ఉన్నాడు. కోటును గోడ కొక్కానికి తగిలించి వెళ్ళారు మరి.

ఇంజనీరింగ్‌లో బంగారు పతకం కొట్టి డిపార్ట్‌మెంట్‌లో చేరిన ఏజెంటు, అందుకే ఆ పేరు. చావుకు గంట ముందు రిపోర్టు పంపాడు.

"చదువు," అంటూ చీఫ్ కాగితం తోశాడు.

ఏజెంట్ 'ఎర్రపెన్ను' దాన్ని అందుకున్నాడు. తోటివాళ్ళ రిపోర్టులను ఎర్రసిరాతో దిద్ది మొహాన కొట్టే అలవాటు తెచ్చిన పేరది.

'రెండోదాని పక్కన ఉన్నదాంట్లో పెట్టారు. టైం తక్కువ. ముందు చెప్పినట్టు వెంటనే తీసేయించాలి.'

"ఏది? ఎక్కడ? ఎప్పటిలోగా?"

"మేమూ అదే అడిగాం. అర్థం కాలేదు, వచ్చి చెప్పమన్నాం. చెప్పడానికే లిఫ్టెక్కాడు." చీఫ్ కాఫీ చప్పరించాడు. "విను. విదేశీ ముఠా. నీళ్ళ శుద్ధి కేంద్రం, క్లోరిన్ హాలు. అక్కడేదో వాల్వులో బాంబు. పేలిందా, పక్క ఆసుపత్రిలో ఊపిరి పీల్చేవాడుండడు. సైరన్ మోగితే రిమోట్ నొక్కేస్తారు, కాబట్టి ఖాళీ చేయించలేం. మొత్తం నలభై ఆరు వాల్వులు. ముఠాలో మన మనిషి సిల్క్, అక్కడ కన్సల్టెంట్ వేషంలో ఉంది. కోడ్, 'మార్జిన్ వదిలారా?' జవాబు, 'రెండు వేళ్ళు.'"

ఆ హాలుకు షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఎర్రపెన్ను బావమరిదే. బావ మాన్యువల్స్ దిద్దుకుని బతుకుతాడని అతని నమ్మకం.

"ఏం బావా! ఇవాళ ఏ కామా తప్పిపోయింది? మా హాల్లో గానీ దూరిందా?"

"లాగ్‌బుక్ ఇలా తే."

మూడు నెలల పేజీలు. ఓకే. ఓకే. పైన రాసినట్టే. ఓకే.

"రేపటి షిఫ్టుకీ ఓకే అని రాసేశావేంట్రా?"

"పని అడ్వాన్సుగా చేసేశా బావా. వాల్వులు తిప్పేది నేనా ఏంటి, ఆపరేటరమ్మ."

అప్పుడు వచ్చింది సిల్క్. బూడిదరంగు పట్టుకోటు, క్లోరిన్ వాసనతో పోటీపడే సెంటు.

"మార్జిన్ వదిలారా?"

"రెండు వేళ్ళు."

ఆమె ఫైలులోంచి ఒక కాగితం తీసింది. "సరిగ్గా పన్నెండుకు పేలుతుంది. ఇది విప్పే పద్ధతి. ముఠా ఇంజనీర్ రాసింది."

వరసకు ఒక్క పని. పక్కనే బొమ్మ. జాగ్రత్త ఏదైనా ఉంటే పనికి ముందే రాసి ఉంది, తర్వాత కాదు. ఎర్రపెన్నుకు దిద్దడానికి అక్షరం దొరకలేదు. మనవాళ్ళెందుకు చస్తున్నారో అతనికి తెలిసింది.

"కింద చింపేశావు."

"చివరి పని అక్కడుంది. అది నా టికెట్. నన్ను వదిలేస్తే, గేటు దాటాక ఫోన్‌లో చెప్తాను."

"ఏ వాల్వు?"

"అది నాక్కూడా చెప్పలేదు."

పదకొండూ నలభై ఆరు.

ఎర్రపెన్ను ఆపరేటరమ్మ దగ్గరికి నడిచాడు. "ఈ వారం ఏదైనా తేడాగా అనిపించిందామ్మా?"

బావమరిది పగలబడి నవ్వాడు. "ఆవిణ్ణి కదపకు బావా! సొంత నోటుబుక్కులో నవలలు రాస్తుంది!"

ఆమె పుస్తకం అందించింది.

'మంగళవారం, ఉదయం 9.10. పదిహేడో వాల్వు. పూర్తిగా తెరవడానికి ఎప్పుడూ పదకొండు చుట్లు. ఈరోజు ఎనిమిదికే ఆగింది. తెరిచేకొద్దీ వాల్వు కాడ పైకి లేచే గొట్టంలో ఏదో అడ్డం తగులుతోంది. ఇన్‌ఛార్జి గారికి చూపించాను. నవ్వారు.'

మెడల్ చచ్చింది బుధవారం.

ఎర్రపెన్ను హాలు తలుపుకు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు. పెన్ను మూత తిప్పితే స్క్రూడ్రైవర్ బయటికొచ్చింది. పదిహేడో వాల్వు మీది గొట్టం ఊడదీశాడు. లోపల అగ్గిపెట్టెంత డబ్బా, ఎర్రగా పరిగెడుతున్న అంకెలు. కాగితం చూస్తూ ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇక చివరిదే మిగిలింది.

తొంభై సెకన్లు.

"తలుపు తియ్," అంది సిల్క్.

"టికెట్ చూపించు."

ఆమె నవ్వింది. అరవై దగ్గర కూడా నవ్వుతూనే ఉంది. నలభై దగ్గర ఆపింది.

"బావా! మా అక్క విధవరాలైపోతుంది!" బావమరిది గొంతు చీరుకుపోయింది.

"నువ్వు కూడా పోతావు కదరా. అది రాసుకోలేదా అడ్వాన్సుగా?"

ఇరవై. సిల్క్ తలుపు మీద గోళ్ళు విరగ్గొట్టుకుంటోంది. పదకొండు.

"తీగలు ముట్టుకోకు! నల్ల బటన్ ఎడమవైపు అరచుట్టు తిప్పు! నొక్కిపట్టు! నొక్కి ఉంచే బ్యాటరీ లాగు!"

అంకెలు రెండు దగ్గర ఆగిపోయాయి.

"ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు," అంటూ ఆమె చేతులకు బేడీలు వేశాడు. "మా వాళ్ళందరికీ ఇలాగే నేర్పాలి."

నేలమీద కూలబడ్డ బావమరిది ముందు ఆపరేటరమ్మ పుస్తకం తెరిచి పెట్టాడు. "మంగళవారంది పైకి చదువు. పూర్తిగా."

అతను 'నవ్వారు' దగ్గరికొచ్చి ఆగాడు.

"అదీ చదువు. నువ్వా రోజు ఇది చదివుంటే ఒక మనిషి లిఫ్టెక్కేవాడు కాదు."

చదివాడు. మూడుసార్లు చదివించాడు ఎర్రపెన్ను.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. ఇంకొక్క పని. మెడల్ భార్యకు ఉత్తరం రాయాలి. ఎలా పోయాడన్నది. నువ్వైతే చక్కగా రాస్తావు."

"నేను రాస్తే ఆవిడకు అర్థమైపోతుంది సార్," అన్నాడు ఎర్రపెన్ను. "మన ఇంజనీరుకెవరికైనా ఇవ్వండి."