లైట్‌హౌస్ గాడిదగారు

"గాడిదగారూ, మీ నోరు ఎప్పుడో మూసుకుపోయింది. ఇంకా ఎందుకు అరుస్తున్నారు?"

హెడ్‌ఫోన్స్‌లో ఆడగొంతు. అతను ఓండ్ర మధ్యలో ఆపేశాడు. పొలమారింది.

అద్దానికి అవతల, సౌండ్ ఇంజనీర్ పక్కన ఒకమ్మాయి కూర్చుని ఉంది. చేతిలో కాగితాలు, చెవి వెనక పెన్సిలు, ముఖం నిండా చిరాకు. ఆ చిరాకు ఆ ముఖానికి బాగానే నప్పింది, అది వేరే సంగతి.

"అది ఎమోషనండీ. లోపల్నుంచి తన్నుకొచ్చింది," అన్నాడు గొంతు సవరించుకుని.

"లోపల ఎంతైనా తన్నుకోనివ్వండి. తెరమీద గాడిద నోరు మూసేసింది. నోరు మూసుకున్న గాడిద ఎలా అరుస్తుంది?"

"ముక్కుతో."

ఇంజనీర్ నవ్వాపుకోలేక మైకు కట్టేశాడు.

నిజానికి అతనిది హీరోలకి సరిపోయే గొంతు. అద్దెగది గోడలకి ప్రేమ డైలాగులు చెప్పీ చెప్పీ పక్కగదివాళ్ళని ఖాళీ చేయించిన గొంతు. అవకాశాల కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాక దొరికింది ఈ జపాన్ బొమ్మల సీరియల్. ఎప్పుడో వందేళ్ళ కిందటి పిల్లల నవలని జపాన్‌వాళ్ళు బొమ్మలుగా గీసి టీవీ సీరియల్ చేశారు. దాన్నిప్పుడు తెలుగులోకి మారుస్తున్నారు. ఒక ద్వీపం, దానిమీద లైట్‌హౌస్, అందులో తల్లీతండ్రీ లేని ఓ చిన్నపిల్ల, లోకంతో మాట్లాడ్డం మానేసిన పెదనాన్న, దీపానికి నూనె డబ్బాలు మోసే గాడిద. పిల్ల గొంతు ఒకరికి పోయింది, పెదనాన్న గొంతు ఇంకొకరికి పోయింది. మిగిలింది గాడిద.

ఆ చెవి వెనక పెన్సిలు అమ్మాయి ఈ సీరియల్‌కి తెలుగు మాటలు రాసే రచయిత్రి. జపాన్‌వాళ్ళు తమ భాషకి తగ్గట్టు నోళ్ళు గీశారు. అవి తెరుచుకుని మూసుకునేలోగా తెలుగు మాట పట్టించాలి. కాస్త అటూ ఇటూ అయితే మనిషి నోరు మూసుకుని మాట్లాడతాడు, నోరు తెరుచుకుని ఊరుకుంటాడు. ఇలాంటివి ఇళ్ళల్లో జరగచ్చుగానీ టీవీలో జరగకూడదని ఆమె సిద్ధాంతం.

గాడిదతో ఏ గొడవా ఉండదని ఆమె అనుకుంది. అక్కడే పొరబడింది.

"ఈ సీన్లో నా మూడ్ ఏంటండీ?" అనేవాడు మైకు ముందుకొచ్చి.

"గాడిద మూడ్."

"అది సరేనండీ. నిన్న పాప నన్ను తిట్టింది కదా. ఆ కోపం ఉంచనా, తీసేయనా?"

ఈ బాధ పడలేక ఆమె స్క్రిప్టులో రాయడం మొదలుపెట్టింది. గాడిద, ఆకలితో. గాడిద, అలిగి. గాడిద, తెలిసీ తెలియనట్టు. అతను ఒక్కో ఓండ్రనీ చెక్కినట్టు పలికేవాడు. పెదనాన్న దీపం వెలిగించినప్పుడు గాడిద చేసే చిన్న మూలుగు ఒకటుంది. అది వినడానికి ఆఫీసులో మిగతావాళ్ళు కూడా తలుపు దగ్గర నిలబడేవాళ్ళు. ఆమె మాత్రం కాగితాల్లోకి చూసేది. పెన్సిలు కదిలేది కాదు.

రానురాను రాతల్లో ఏదో తేడా వచ్చింది. ఒకరోజు పేజీలో ఇలా ఉంది: "గాడిద, చెప్పాల్సింది చెప్పకుండా నీళ్ళు నములుతూ."

అతను తలెత్తి అద్దంలోంచి చూశాడు. "ఇది గాడిదకా, నాకా?"

"ఇద్దరిలో ఎవరికి అర్థమైతే వాళ్ళకి," అంది ఆమె, చూపు కాగితం మీంచి తియ్యకుండా.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. స్టూడియో పైకప్పు రేకులది. చినుకు పడితే రికార్డింగ్ ఆగిపోవాల్సిందే. ఇంజనీర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇప్పుడే గుర్తొచ్చినట్టు టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. రేకుల మీంచి జారిన నీళ్ళు తెరలా పడుతున్నాయి. ఇన్నాళ్ళూ గోడలకి చెప్పిన డైలాగులన్నీ గుర్తుచేసుకున్నాడతను. ఒక్కటీ నోటికి రాలేదు.

"మీరంటే నాకు ఇష్టమండీ," అన్నాడు చివరికి.

"హమ్మయ్య! ఇంకా ఆలస్యమైతే గాడిదతోనే చెప్పించాల్సొచ్చేది," అంది ఆమె. నవ్వింది. వెంటనే ఆ నవ్వు మాయమైంది. "నాకూ ఇష్టమే. కానీ మా నాన్నగారున్నారే..."

"కులమా? ఉద్యోగమా?"

"గాడిద."

అతనికి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. నాన్నగారు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంటికొచ్చిన ఉల్లిపాయల్ని ఇప్పటికీ సొంత త్రాసులో తూచిగానీ లోపలికి రానివ్వరు. కూతురి రాతలో తప్పులు పట్టడానికని సీరియల్ చూడ్డం మొదలుపెట్టి, గాడిద వలలో పడ్డారు. గాడిదకి జ్వరం వచ్చిన ఎపిసోడ్ రోజున, ఇంటికొస్తామన్న అత్తయ్యవాళ్ళని 'ఇంట్లో ఒకరికి బాలేదు' అని ఆపేశారు.

"అయితే మంచిదేగా! ఆ గాడిదని నేనే."

"అదే కదా భయం. వచ్చే శుక్రవారం గాడిద చచ్చిపోతుంది."

"మార్చలేమా?"

"వందేళ్ళుగా చచ్చిపోతోందండీ ఆ నవల్లో. మనకోసం ఎలా బతుకుతుంది? నాన్నగారికి ముందే చెప్దామంటే, కథ చెప్పావంటే ఊరుకోనని చెవులు మూసుకుంటారు. ఆ గాడిదకేమైనా అయితే ఏడాదిదాకా ఈ ఇంట్లో శుభకార్యం ఉండదని ఒట్టేసుకుని కూర్చున్నారు."

"ఏడాది ఆగుదాం."

"ఆగితే? ఏడాదిలోపు ఆ గాడిదని చంపినవాడెవడో పట్టుకుంటారు. తప్పు తూకం వాడిని వదిలిన చరిత్ర లేదాయనకి." ఆమె ముఖం తుడుచుకుంది. వానే అయ్యుంటుంది. "పైగా మీ గురించి చెప్పేశాను, గాడిద సంగతి తప్ప. శుక్రవారం అయిదున్నరకి రమ్మన్నారు. ఆరింటికి కలిసి సీరియల్ చూస్తారట. మనిషెలాంటివాడో గాడిదని చూసేటప్పుడు తెలిసిపోతుందట."

మర్నాడు చావు రికార్డింగ్. తుఫానులో దీపం ఆరిపోబోతుంటే ముసలి గాడిద ఆఖరి నూనె డబ్బాని మెట్లమీదుగా మోసుకెళుతుంది. దీపం వెలుగుతుంది. దాన్ని చూసి ఎప్పటిలా చిన్నగా మూలిగి, కళ్ళు మూసుకుంటుంది.

ఏదో పనికానిచ్చేద్దామనే అనుకుని మైకు ముందుకెళ్ళాడు. వెలిగిన దీపాన్ని చూసేసరికి మనసొప్పలేదు. ఆ గాడిద ఇన్నాళ్ళూ తనకి అన్నం పెట్టింది. దాన్ని దిక్కులేని చావు చావనివ్వడమా? మూలిగాడు. తెరమీద నోరు ఎక్కడ మూసుకుందో సరిగ్గా అక్కడ ఆగాడు. తలెత్తి చూస్తే అద్దానికి అవతల ఇంజనీర్ మీటలమీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు.

ఆమె తలుపు తోసుకుని లోపలికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంత బాగా చావమని ఎవరన్నారు మిమ్మల్ని? మనకి అడ్డం పడుతుందని తెలిసి కూడా!"

"మీరే రాశారుగా," అన్నాడతను దీనంగా. "గాడిద, ప్రశాంతంగా, అని."

శుక్రవారం ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాడు. గుమ్మంలోనే నాన్నగారు పైనుంచి కిందిదాకా తూచినట్టు చూశారు.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"వాయిస్ ఆర్టిస్టునండీ."

"అంటే?"

"ఆరవుతోంది నాన్నా," అంది ఆమె గబుక్కున.

టీవీ ముందు కూర్చున్నారు. తుఫాను వచ్చింది. గాడిద మెట్లెక్కుతుంటే నాన్నగారు కుర్చీలోంచి కాస్త కాస్తగా లేవసాగారు. "అంతే, ఇంకొక్క మెట్టు. శభాష్." దీపం వెలిగింది. గాడిద మూలిగింది. కళ్ళు మూసుకుంది.

నాన్నగారు తెరమీంచి చూపు తియ్యలేదు. "లేస్తుందిలే. అలసిపోయింది," అన్నారు. చివరి పాట కూడా అయిపోయింది. లేవలేదు.

ఆయన టీవీ కట్టేశారు. కళ్ళజోడు తీసి తుడిచారు, మళ్ళీ తుడిచారు. "బాబూ, ఏమీ అనుకోకు. ఇవాళ ఈ ఇంట్లో మాట్లాడుకునే పరిస్థితి లేదు. వెళ్ళిరా. ఏడాది పోయాక చూద్దాం."

అతనికి తలప్రాణం తోకకొచ్చింది. బయటికొచ్చి బూట్లు తొడుక్కున్నాడు. కిటికీలో ఆమె, పెదవి కొరుక్కుంటూ. లోపల ఆ పెద్దాయన చీకటి టీవీ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చున్నారు. అది చూడలేకపోయాడతను. తన పెళ్ళి సంగతి తర్వాత, ముందు ఆ మనిషిని అలా వదిలి వెళ్ళడమెలా? ఏదో చెబుదామనుకున్నాడు. నోరు పెగల్లేదు.

ముక్కుతో మూలిగాడు. దీపం వెలిగినప్పటి మూలుగు.

లోపల కుర్చీ కిర్రుమంది. నాన్నగారు గుమ్మంలోకొచ్చారు. "ఎవరది?"

అతను మళ్ళీ మూలిగాడు.

ఆయన దగ్గరికొచ్చి, ఇన్‌స్పెక్టర్ చూపుతో చూశారు. ఇలాంటి విషయాల్లో ఆయన ఎవరినీ ఊరికే నమ్మరు. "ఆకలేసినప్పటిది?"

అరిచాడు.

"పాప తిట్టినప్పుడు, అటు తిరిగి ఒకటంటుంది చూడు..."

అటు తిరిగి అరిచాడు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"సరుకు అసలుదే," అన్నారు నాన్నగారు. "బతికే ఉంది!" వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటారు. ఈయన చేతులతో సరిపెట్టారు. రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, అంతలోనే ఏదో తట్టి వదిలేశారు. "మరి చంపిందెవరు?"

తప్పించుకునే దారి ఉంది. జపాన్‌వాళ్ళ మీదికి తోసేయచ్చు.

"నేనేనండీ. నాకు చేతనైనంత బాగా చంపాను," అన్నాడు.

"రాసింది నేను నాన్నా," అంటూ ఆమె వచ్చి అతని పక్కన నిలబడింది.

నాన్నగారు ఇద్దర్నీ త్రాసులో చెరోవైపు పెట్టినట్టు చూశారు. ఎదురింటివాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు.

"అంటే ఇద్దరూ కలిసే చంపారన్నమాట."

"అవునండీ."

"అయితే ఇద్దరూ కలిసే బతికించాలి. పెళ్ళయ్యాక రోజూ ఆరింటికి ఆ గాడిద నా కళ్ళెదుట అరవాలి. ఒక్కరోజు తగ్గినా ఊరుకోను. తూకం తూకమే."

అతను సరేనండీ అనబోయాడు. అంతలో ఆమె అతని చెవిదగ్గరికి వంగింది.

"గాడిద, సంతోషం పట్టలేక," అంది మెల్లగా.

వీధి వీధంతా దద్దరిల్లింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. నోరు మూసుకున్నాక కూడా అతని ఓండ్ర ముక్కులోంచి వస్తూనే ఉంది. ఈసారి ఆమె ఆపమనలేదు.