ఒంటరి చేతి నూలు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

దయ్యాలు అర్ధరాత్రి పూటే తిరుగుతాయని ఎవరు కనిపెట్టారో గాని, ఆ మహానుభావులు వైశాఖంలో ఆదోని కొండల వెనక్కి ఒక్కసారైనా వచ్చి ఉండరు. నడినెత్తిన ప్రచండ మార్తాండుడు నిప్పులు చెరుగుతున్నాడు. బండలు పెనాల్లా కాలుతున్నాయి. ఆకు కదలదు, పిట్ట పలకదు. ఆ భీకర నిశ్శబ్దంలో, పట్టపగలు... ఒక గుడ్లగూబ కూసింది!

హులిగెమ్మ కాళ్ళు చప్పున ఆగిపోయాయి. ఒళ్ళంతా చెమట. కొంగున కట్టుకున్న నూలుండను మళ్ళీ తడిమి చూసుకుంది. పొద్దున్నే ఎమ్మిగనూరులో బస్సెక్కింది మొదలు ఎన్నిసార్లు తడుముకుందో ఆమెకే తెలియదు. ఆ ఉండలో ఆమె మొగుడి ప్రాణం ఉంది. అలాగని మంత్రగాడు మసణప్ప చెప్పాడు.

మొగుడు ఉచ్చీరప్ప మంచి నేతగాడు. దీపావళి దాటిన నాటి నుంచి మంచం దిగలేదు. మందులు పని చేయలేదు, మొక్కులు పని చేయలేదు. మగ్గం గుంటలో సాలీడు గూడు కట్టింది. మనిషి మాత్రం రోజు రోజుకూ నెత్తురు లేని బొమ్మలా పాలిపోతున్నాడు.

హులిగెమ్మది మొండి ఘటం. చిన్నప్పుడే కోసిగిలో అమ్మా నాన్నా పోతే, అన్న బసప్ప వెంట కూలికి పోయి పెరిగిన పిల్ల. తన కష్టం తనదే అనుకోవడం, ఎవరి ముందూ నోరు తెరవకపోవడం ఆమెకు ఒక గొప్ప. గొప్పే, ఎవరు కాదన్నారు? కాని మందలో కలవని మేక మీదే తోడేలు కన్ను ముందు పడుతుంది.

మసణప్ప పేరు ఎవరో చెబితే ఆమె ఒంటరిగానే వెళ్ళింది. అతను పెట్టిన షరతు ఒక్కటే. "ఈ సంగతి మూడో సెవిన పడితే నీ మొగుడు ఆ పొద్దే సస్తాడు!" ఆ తర్వాత అతను ఏం చేయమంటే అది చేసింది. అత్త లింగమ్మతో మాట మానుకోమన్నాడు. "నీ సెయ్యి నీ కొడుక్కే అచ్చిరాలే, లోపలికి రావద్దు" అని ఆ ముసలిదాని మొహం మీదే అనేసి వాకిట్లో అరుగు మీద పడుకోబెట్టింది. అన్నను దూరం పెట్టమన్నాడు. ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్ను మిల్లులో మూటలు మోసి, ఆదివారం ఆదివారం చెల్లెల్ని చూడ్డానికి వచ్చే బసప్పను గడపలోనే నిలేసి, "నా ఇంటికి రావద్దన్నా" అంది. అన్నాక తలుపేసుకుని, గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అలా ఒక్కొక్కరినీ దూరం చేసుకున్నప్పుడల్లా ఉచ్చీరప్ప ఒక పూట గంజి తాగేవాడు. ఇంకేం కావాలి, ఆమె నమ్మింది!

చివరికి అడిగింది ఈ నూలు. దూది నుంచి పోగు దాకా ఆమె ఒక్కదాని చేతి మీదనే నడవాలి, వేరే చేయి సోకకూడదు. మూల గంపలో ఉన్న దూది ఇంటిదే అనుకుని తీసి రాట్నం ముందు కూర్చుంది. కునుకు తీసి లేచేసరికి కదురు నిండి ఉండేది. నిద్రమత్తులో తనే వడికాననుకుంది పిచ్చిది.

"వస్తివా..."

రెండు బండల నడుమ చీకటి బిలంలోంచి ఆ గొంతు వచ్చింది. విబూది పూసిన ఛాతీ, జడలు కట్టిన జుట్టు, నిప్పుకణికల్లాంటి కళ్ళు... మసణప్ప! అతని ముందు కుంకుమతో వేసిన మండలం. మండలం మధ్యలో ఒక కపాలం! దాని కనుగుంతల్లో నల్లకోడి నెత్తురు ఇంకా ఆరలేదు.

"కూకో. సేతులు సాపు."

ఆమె కూర్చుంది. అతను నూలు విప్పి ఒక కొసను కపాలానికి చుట్టాడు, మరో కొసతో ఆమె మణికట్లు బిగించాడు. బిగిస్తూ బిగిస్తూ ఉన్నట్టుండి నవ్వాడు.

"సంతలో సూసినా నిన్ను. నెత్తికి గంప ఎత్తమని కూడా ఒకర్ని పిలవలే నువ్వు. అప్పుడే అనుకుంటి, ఇది నా కపాలానికి తగిన మేత అని. నీ మొగునికి రోగం పెట్టింది ఎవురనుకున్నావు? నేనే!"

హులిగెమ్మ చేతులు వెనక్కి గుంజింది. లేవబోయింది, లేవలేకపోయింది. నూలు మణికట్లలోకి ఇనుప తీగలా దిగుతోంది.

"ఇప్పుడు నేనడిగిందానికి జవాబు సెప్పు. సెప్పకపోతే వాడు ఈ గడియలోనే పోతాడు. నీకు దిక్కెవురు?"

మొగుడి మొహం కళ్ళ ముందు మెదిలింది. ఆమె పెదాలు తడుపుకుంది.

"ఎవురూ లేరు."

ఎండ మసకబారింది! ఎక్కడి నుంచో ఒక సుడిగాలి లేచి ఎర్రమట్టిని ఆకాశానికి ఎత్తింది. గుడ్లగూబ మళ్ళీ కూసింది... ఈసారి ఆమె చెవి పక్కనే!

"నీకు దిక్కెవురు?"

"ఎవురూ... లేరు."

మబ్బు లేని ఆకాశంలో ఉరుము ఉరిమింది. కపాలం కనుగుంతల్లో నీలిమంట లేచింది. హులిగెమ్మకు తన ఊరు మరుపున పడింది. అత్త మొహం, అన్న గొంతు... ఒక్కొక్కటే దీపాలు ఆర్పినట్టు ఆరిపోతున్నాయి. తన పేరేమిటో తనకే తెలియలేదు. ఇంక ఒక్క మాట... ఆ ఒక్క మాటతో ఆమె ఊపిరి కపాలానిదై, కపాలం బలం మసణప్పదవుతుంది. అతను ఆబగా ముందుకు వంగాడు.

"నీకు... దిక్కెవురు?"

ఆమె నోరు తెరిచింది. కాని వచ్చిన గొంతు ఆమెది కాదు!

"మోసం...!"

హులిగెమ్మ జుట్టు విరబోసుకుని, కళ్ళు తెల్లగా తేలేసి, నిలువెల్లా ఊగిపోతోంది. కపాలంలోని శక్తి ఆమె నోటితో గర్జిస్తోంది.

"ఒంటరి సేతి నూలు అంటివే! ఈ దూదిలో గింజలు ఏరినోడు దీని అన్న! తలుపేసుకున్నా, గంపెత్తి దొడ్డి గోడ మీదనుంచి లోపల పెట్టి పోయినాడు! ఈ పోగు వడికింది దీని అత్త! కోడలు కునుకు తీస్తే, అరుగు మీదనుంచి పాకుతా వచ్చి వడికింది! తెగిన పోగులు ఎంగిలితో అతికింది దీని మొగుడు! మంచం మీదనుంచి వంగి, దగ్గు ఆపుకోని అతికినాడు! ఇది దిక్కులేనిదా... ఇదా!!"

మసణప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. "అబద్ధం... అబద్ధం!" అంటూ కత్తి తీశాడు.

అదే క్షణంలో దుమ్ము తెరల అవతల నుంచి ఒక ముసలి గొంతు, దాని వెనకే ఒక మగ గొంతు...

"హులిగీ... ఓ హులిగీ! యాడుండావే!"

ఆ పిలుపు చెవిన పడగానే ఆమె కళ్ళలో నల్లగుడ్డు తిరిగొచ్చింది. ఈసారి పలికింది హులిగెమ్మే. పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి, గొంతు చిరిగేలా అరిచింది.

"అత్తా! అన్నా! ఈడుండాను... నన్ను కాపాడండి!"

తప్! మణికట్ల మీది నూలు తనంతట తానే విడిపోయి, పాములా మెలికలు తిరుగుతూ వెళ్ళి మసణప్ప మెడకు చుట్టుకుంది. కపాలం నేల మీదనుంచి గాల్లోకి లేచి, అతని మొహానికి ఎదురుగా నిలబడింది.

"దిక్కులేని ప్రాణం ఇస్తానని నన్ను లేపితివి. లేచినాక ఆకలి తీరకుండా పోను. నీకు దిక్కెవురు, మసణప్పా?"

అతను వెనక్కి జరిగాడు. మంత్రసిద్ధుల కోసం పడుచుతనంలోనే ఇల్లు విడిచినవాడు. తల్లి చచ్చిపోతూ కబురంపితే నవ్వి ఊరుకున్నవాడు. తోడబుట్టినవాడు కాళ్ళు పట్టుకుని బతిమాలితే తన్ని తరిమినవాడు.

"నీకు దిక్కెవురు?"

పేరు కోసం వెతుక్కున్నాడు. పెదాలు కదిలాయి గాని వాటి మీదికి ఏ పేరూ రాలేదు. తల్లి పేరు కూడా రాలేదు!

"నీకు... దిక్కెవురు?!"

"ఎ... ఎవు..."

ఆకాశం ఫెళ్ళున పగిలింది! పిడుగు పడిందో, కపాలమే పేలిందో... కొండ పునాదులతో సహా కంపించింది. ఒక్క పొలికేక లేచి సగంలో తెగిపోయింది. దుమ్ము అణిగేసరికి బండ మీద గుప్పెడు బూడిద, దాని మీద మాడిన జడలు మిగిలాయి. అవి గాలికి కొట్టుకుపోవడానికి ఎంతో సేపు పట్టలేదు.

లింగమ్మ రొప్పుతూ వచ్చింది. వచ్చీ రాగానే కోడలి చెంప మీద ఛెళ్ళుమనిపించింది. ఆ చేత్తోనే తలను గుండెలకు అదుముకుంది.

"నోరు లేదేమ్మీ నీకు? నూలుండ కొంగున కట్టుకోని బస్సెక్కితివి, నేను సూడలేదనుకుంటివా? ఎనక బస్సులో వచ్చి మిల్లులో మీయన్నని పిలుచుకోని, గొర్లకాపరులను అడుక్కుంటా వస్తిమి. ఇంత కష్టం కడుపులో పెట్టుకోని ఏంటికే తిరిగితివి?"

"సెప్తే మా ఇంటాయప్ప సస్తాడని వాడు సెప్పె అత్తా..."

"సెప్పకపోతే నువ్వు సస్తాంటివి కదే!"

హులిగెమ్మ చప్పున తలెత్తింది. "ఇంట్లో ఆయప్ప దగ్గర ఎవురుండారు?"

 ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

తిరుగు బస్సు నడుస్తున్నట్టే లేదు. హులిగెమ్మ జరిగిందంతా మొదటినుంచి చివరిదాకా చెప్పింది. మూడో చెవి, నాలుగో చెవి, అన్నిట్లోనూ పడింది. చెప్పేకొద్దీ గుండె తేలికపడుతోంది, భయం మాత్రం పెరుగుతోంది. మసణప్ప చచ్చినా వాడి మాట చావకపోతే? ఎమ్మిగనూరులో దిగగానే పరుగెత్తబోయి కూలబడింది. "కాళ్ళు రావడంల్యా... పట్టుకోన్నా" అంది. బసప్ప ఒక రెక్క, లింగమ్మ ఒక రెక్క పట్టుకున్నారు. వీధి వీధంతా చూసింది, ఆమె సిగ్గుపడలేదు.

తలుపు తోసి చూస్తే మంచం ఖాళీ!

హులిగెమ్మ గావుకేక పెట్టబోయింది. అంతలో మగ్గం గుంటలో ఏదో కదిలింది. ఉచ్చీరప్ప సాలెగూళ్ళ మధ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తన కాళ్ళతో తనే నడిచొచ్చి గుంటలో దిగాడు. మొహం చెమటతో తడిసి ఉంది గాని, ఆ మొహంలో నెత్తురు తిరిగింది.

"యాడికి పోయినారు అందరూ?" అన్నాడు చిన్నపిల్లాడిలా. "మద్యాన్నం ఎవురో గుండెల మీదనుంచి లేసి పోయినట్టైంది. లేసి సూస్తే ఇంట్లో ఎవురూ లేరు. ఒక్కన్నే... నాకు భయమైంది."

నిన్నటి హులిగెమ్మ అయితే, "ఏం కాలే, పడుకో" అని దుప్పటి కప్పి పనిలో పడేది. ఈ హులిగెమ్మ గుంటలోకి దిగి అతని పక్కన చతికిలబడింది, భుజం మీద తల వాల్చింది.

"నాకూ భయమైందప్పా... శానా భయమైంది" అంది.