బూడిద ముసుగు తొలగించిన పున్నాగ

నల్లకొండలకు ఇవతల, ఏటి మలుపులో రత్నకూటం అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడ మామిడిపండ్లు తియ్యగా ఉండేవి, బావినీళ్ళు చల్లగా ఉండేవి, మనుషులు మంచివాళ్ళు. కానీ వాళ్ళకు ఒక వింత ఆచారం ఉండేది. రాజుగారికి జబ్బు చేస్తే, దాని పేరును కోట వాకిట్లో డప్పు కొట్టి చాటేవారు. ఆయన కోలుకునేదాకా రాజ్యంలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా అదే జబ్బు పేరు చెప్పుకోవాలి, అదే మందు తాగాలి. "రాజుకు లేని రోగం మనకెందుకు?" అని జనం గర్వంగా అనుకునేవారు.

ఒక ఏడాది వీరకేతు మహారాజు మంచం పట్టాడు. రాజవైద్యుడు భద్రపాదుడు దూరంగా నిలబడి చూసి, "రాజజ్వరం" అన్నాడు. డప్పు మోగింది. ఆ మోత ఆగేసరికి నల్లకొండల వైపు నుంచి బూడిదరంగు మంచు దిగి వచ్చింది. అది జబ్బుపడ్డ ప్రతి మనిషి ముఖం మీదా సన్నటి ముసుగులా వాలింది. తీద్దామంటే చేతికి తగలదు, కడుగుదామంటే పోదు. కడుపునొప్పి ఉన్న ముసలమ్మ ముఖమూ, కాలు విరిగిన వడ్రంగి ముఖమూ ఒక్కలాగే బూడిదగా కనిపించాయి. అందరికీ ఒకటే కషాయం పోశారు. కొందరు లేచారు. చాలామంది ఇంకా కుంగిపోయారు.

అలా కుంగిపోతున్నవాళ్ళలో కాటమ్మ ఒకతె. పొణికి కర్రతో చేసిన బొమ్మలకు రంగులు వేయడం ఆమె పని. ఆమె కూతురు పున్నాగకు పధ్నాలుగేళ్ళు. రాజవైద్యశాలలో మందులు నూరుతుంది. నలుగురిలో నోరు విప్పాలంటే ఆ పిల్లకు చెమటలు పట్టేవి. అందుకే ఎప్పుడూ మూలన కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ మాటలు వినేది.

ఒకరోజు ధైర్యం చేసి భద్రపాదుడి ముందుకు వెళ్ళింది.

"అయ్యగారూ, కషాయం తాగినప్పటి నుంచి అమ్మకు ఇంకా నీరసంగా ఉంది. మణికట్టు వాలిపోతోంది. ఇది వేరే జబ్బేమో..."

"వేరే జబ్బా?" భద్రపాదుడు మండిపడ్డాడు. "రాజుగారి జబ్బు మీ అమ్మకు చాల్లేదా? చాటింపు విన్నావా లేదా? అయినా ఆమె పని అయిపోయింది. ఈ పున్నమి గడవదు."

పున్నమికి పన్నెండు రోజులుంది.

ఇంటికి వచ్చి ఏడుస్తున్న పున్నాగను చూసి పక్కింటి నూకాలత్త దగ్గరకు తీసుకుంది. "ఏడిస్తే ముసుగు పోతుందటే? మూడు అడవుల అవతల, నల్లకొండ గుహలో ఒక ముని ఉన్నాడంటారు. ముసుగు విప్పే మంత్రం ఆయనకు తెలుసట. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదనుకో."

"నేను వెళ్తానత్తా."

"నువ్వా? కూరలవాడిని కొసరు అడగడానికి సిగ్గుపడతావు, మునిని మంత్రం అడుగుతావా?"

"అమ్మను నువ్వు చూసుకో," అంది పున్నాగ. తెల్లవారేసరికి అటుకుల మూట కట్టుకుని బయలుదేరింది.

మొదటి అడవిలో దారికి అడ్డంగా ఒక గండభేరుండం కూర్చుని ఉంది. ఒక్కో రెక్క ఇంటి కప్పంత ఉంది. రెండు తలలూ పోట్లాడుకుంటున్నాయి.

"ఆగు!" అంది ఎడమ తల. "నాకు తల పగిలిపోతోంది. చెట్లు రెండేసి కనిపిస్తున్నాయి. జబ్బేమిటో చెప్పావా, దారి ఇస్తాను. చెప్పలేకపోయావా, నిన్ను తింటాను."

"దీని మాటలు నమ్మకు," అంది కుడి తల. "వట్టి నటన. నేను చూడు, ఎంత కులాసాగా ఉన్నానో!"

పున్నాగ పారిపోకుండా ఒక రాయి మీద కూర్చుని, ఆ రోజంతా పక్షిని చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం ఎడమ తల కునుకు తీసింది. కుడి తల చప్పుడు చేయకుండా పొదల్లోకి వంగి ఉమ్మెత్తకాయలు నాలుగు మింగింది. మర్నాడు ఎడమ తల మళ్ళీ మూలిగింది.

"తలలు రెండైనా పొట్ట ఒకటే కదా?" అని అడిగింది పున్నాగ.

"అయితే?"

"నొప్పి నీ దగ్గర ఉంది. జబ్బు మాత్రం దాని నోట్లో ఉంది. నువ్వు నిద్రపోతున్నప్పుడు అది ఉమ్మెత్తకాయలు తింటోంది."

ఎడమ తల గిర్రున తిరిగింది. "ఓసి దొంగముఖమా!"

"రుచిగా ఉంటాయని..." కుడి తల నసిగింది. "రోజుకు నాలుగేగా!"

మూడు రోజులు కుడి తల ఉమ్మెత్తకాయల జోలికి పోకుండా పున్నాగ కాపలా కాసింది. నాలుగో రోజుకు ఎడమ తలకు చెట్లన్నీ ఒక్కొక్కటిగానే కనిపించాయి. ఆ సంతోషంలో పక్షి ఆమెను వీపు మీద ఎక్కించుకుని, రెండో అడవి అంచున దింపి, తిరిగి వెళ్ళేటప్పుడు తనను పిలవమంది.

రెండో అడవిలో కుంభోదరి అనే రాక్షసి ఉండేది. ఆమె గుడిసె ముందు ముగ్గురు కొడుకులు చాపల మీద పడుకుని గజగజ వణుకుతున్నారు. వాళ్ళ వణుకుకు చెట్ల మీది కాయలు రాలుతున్నాయి.

"మందులమ్మాయివి కదూ? వాసన తెలుస్తోంది," అంది రాక్షసి. "ఒక మంచి మందు నూరి ముగ్గురికీ పొయ్యి. వణుకు తగ్గకపోతే నిన్నే నూరి పోస్తాను."

"ఒకటే మందు చాలో లేదో చూడాలి, పెద్దమ్మా."

"చూసేదేముంది? ముగ్గురిదీ ఒకటే వణుకు!"

పున్నాగ ఒక్కొక్కడి దగ్గరా కూర్చుంది. పెద్దవాడి ఒళ్ళు కాలిపోతోంది, కడుపు ఉబ్బింది. ఎక్కడి నీళ్ళు తాగావని అడిగితే, గేదెలు పొర్లే గుంట చూపించాడు. రెండోవాడు ఎడమకాలు దుప్పటి కింద దాచుకున్నాడు. బతిమాలి చూస్తే బొటనవేలి గోటి కింద ముల్లు విరిగి చీము పట్టి ఉంది. మూడోవాడికి ఒళ్ళు చల్లగా ఉంది, నాలుక ఎర్రగా ఉంది, కళ్ళు మిలమిలలాడుతున్నాయి.

"నీకెప్పటి నుంచి వణుకు?" అని అడిగింది చెవిలో.

వాడు అమ్మ వైపు ఓరగా చూశాడు. "అన్నయ్యలిద్దరినీ అమ్మ ఒళ్ళో పెట్టుకుని గంజి తాగించింది. నన్నేమో కట్టెలు కొట్టుకురమ్మంది."

పున్నాగకు నవ్వు ఆగలేదు. పెద్దవాడికి కాచిన నీళ్ళూ వేపాకు కషాయమూ ఇచ్చింది. రెండోవాడి ముల్లు తీసి, పుండు కడిగి, పసుపు పెట్టి కట్టింది. మూడోవాడిని రాక్షసి ఒళ్ళోకి తోసింది. "వీడికి మందు ఇదే, పెద్దమ్మా. రోజూ రెండు పూటలా."

రెండు రోజుల్లో ముగ్గురూ లేచి గంతులు వేశారు. "ఒకే వణుకు వెనక మూడు జబ్బులా!" అని కుంభోదరి ముక్కు మీద వేలేసుకుంది. మూడో అడవిలోని పులులను తనే అదిలిస్తూ పున్నాగను గుహ దాకా సాగనంపింది.

పున్నమి ఇంకా రెండు రోజులే ఉంది.

గుహలో ముని కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. పున్నాగ అమ్మ సంగతంతా చెప్పి మంత్రం అడిగింది. "నా జబ్బేమిటో చెప్పు. మంత్రం ఇస్తాను," అన్నాడు.

పున్నాగ నాడి పట్టి చూసింది. నాలుక చూసింది, కంటి రెప్పలు ఎత్తి చూసింది. ఎన్ని అడిగినా ముని బదులు చెప్పలేదు. ఏ జబ్బూ పోల్చుకోవడం ఆమెకు చేతకాలేదు. బయట చంద్రుడు ఇంచుమించు నిండుగా ఉన్నాడు. ఏదో ఒక పేరు చెప్పేస్తే పోదా అనిపించింది. వాతమనో పిత్తమనో అంటే ముని ఒప్పుకుంటాడేమో, అమ్మ బతుకుతుందేమో! పేరు నాలుక చివరికి వచ్చింది. గబుక్కున పెదవులు బిగించింది.

"నాకు తెలియడం లేదు, తాతా," అంది కళ్ళనీళ్ళతో. "తెలియకుండా పేరు పెట్టలేను. ఇంకో నాలుగు రోజులు మీ దగ్గరుండి చూస్తాను."

"నాలుగు రోజులా? ఈలోగా మీ అమ్మ?"

పున్నాగ కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆయన నాడి పట్టుకుంది. పేరు మాత్రం పెట్టలేదు.

ముని కళ్ళు తెరిచి గలగలా నవ్వాడు. "నాకే జబ్బూ లేదు, తల్లీ! ఇంతవరకు వచ్చినవాళ్ళంతా ఏదో ఒక పేరు పెట్టారు. పెట్టిన ప్రతివాడూ అదిగో, అలా రాయిగా నిలబడ్డాడు." ఆయన చూపించిన వైపు రాతిబొమ్మలు బారులు తీరి ఉన్నాయి. "ఆ ముసుగు నేసింది ఏ రాక్షసుడూ కాదు, మీ చాటింపే. ఒకరి జబ్బు పేరు అందరి మీదా కప్పారు. అది ఎవరి దగ్గర మొదలైందో వాళ్ళనే ముందు అడగాలి. 'మీకేమవుతోంది?' అని అడుగు. చెప్పేదాకా ఆగు. అదే మంత్రం."

"ఇంతేనా?"

"అడగడం తేలిక. ఆగడం కష్టం. వెళ్ళు, ముసుగు తొలగిన రోజే వీళ్ళూ మనుషులవుతారు."

గుహ బయట నిలబడి పున్నాగ కేకవేయగానే గండభేరుండం వచ్చి వాలింది. పున్నమినాడు మధ్యాహ్నానికల్లా అది ఆమెను కోట ముంగిట దింపింది. పక్షిని చూసి భటులు పారిపోవడంతో ఆమె నేరుగా రాజుగారి గదిలోకి నడిచింది. గది నిండా మంత్రులు. భద్రపాదుడు అడ్డం వచ్చాడు.

"మందులు నూరే పిల్లవు, మహారాజును ప్రశ్నిస్తావా? ఈ కోటలో రాజుగారిని ప్రశ్న అడిగినవాడు లేడు!"

పున్నాగకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఇంటి దగ్గర అమ్మ గుర్తుకు వచ్చింది. భద్రపాదుడి పక్కనుంచి వెళ్ళి మంచం పట్టె దగ్గర కూర్చుంది.

"మహారాజా, మీకేమవుతోంది?"

"జ్వరం," అన్నాడు రాజు ముసుగు లోపలి నుంచి.

పున్నాగ ఏమీ అనలేదు. అలాగే కూర్చుంది. మంత్రులు దగ్గారు. ఒకాయన ఆవలించాడు. ఆమె కదల్లేదు. మూలన కూర్చుని ఇతరుల మాటల కోసం ఎదురుచూడడం ఆమెకు కొత్త కాదు.

చాలాసేపటికి రాజు మెల్లగా అన్నాడు. "పన్ను."

"ఆఁ?" అన్నారు మంత్రులు.

"దవడపన్ను పుచ్చిపోయింది! దానివల్లే జ్వరం. చెబితే పట్టకారుతో పీకుతారని..." వీరకేతుడు పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఏడు యుద్ధాలు గెలిచినవాణ్ణి, పట్టకారుకు భయపడ్డానని ఎలా చెప్పను?"

ఆ మాటతో ఆయన ముఖం మీది బూడిద ముసుగు పొగలా లేచి కిటికీలోంచి పోయింది. ఊరంతటా ముసుగులు లేచిపోయాయి. ప్రతి ముఖం దాని రంగుతో బయటపడింది. ఒకరి కళ్ళు పచ్చగా ఉన్నాయి, ఒకరి చెంపలు కందిపోయి ఉన్నాయి. నల్లకొండ గుహలో రాతిబొమ్మలు ఒళ్ళు విరుచుకుని నడక మొదలుపెట్టాయి.

పున్నాగ ఇంటికి పరుగెత్తింది. కాటమ్మ ఊపిరి సన్నగా ఆడుతోంది. ముసుగు లేని ముఖం పాలిపోయి ఉంది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళ వెంట నీలిగీత!

"నీకేమవుతోందమ్మా?"

"కడుపులో మెలిపెడుతోందే. చెయ్యి వాలిపోతోంది. నిన్న కూడా కుంచె పట్టి చూశాను, నిలవలేదు." మంచం పక్కన సగం రంగువేసిన గుర్రపు బొమ్మ ఉంది. కాటమ్మ అలవాటు చొప్పున కుంచె అందుకుని, సింధూరపు కొసను పెదవుల మధ్య పెట్టి సన్నగా చేసుకోబోయింది.

పున్నాగ చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్నదే. ఒక్కరోజు కూడా అది కంటపడలేదు! సింధూరంలో ఉండేది సీసం, నోట్లో పడితే విషం.

"నోట్లో పెట్టకపోతే కొస సన్నబడదే," అంది కాటమ్మ. "మీ అమ్మమ్మ కూడా ఇలాగే చేసేది."

"అమ్మమ్మ ఎలా పోయిందమ్మా?"

కాటమ్మ చేతిలోని కుంచె వైపు చూసింది. తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "చెయ్యి వాలిపోయి," అంది కాటమ్మ.

కుంచె, కషాయం రెండూ మాన్పించి, పున్నాగ తల్లికి పాలూ ఆకుకూరలూ పెట్టింది. పున్నమి గడిచింది. ఆ మర్నాడూ గడిచింది. కాటమ్మ లేచి కూర్చుంది. ఈలోగా పున్నాగ ఊరుకోలేదు. బొమ్మలవీధిలో ఇల్లిల్లూ తిరిగింది. కుంచె నోట్లో పెట్టేవాళ్ళ పేర్లు ఒక తాటాకు మీద, తడిగుడ్డతో కొస చేసేవాళ్ళ పేర్లు ఇంకో తాటాకు మీద రాసింది. నోట్లో పెట్టే పదిహేడుమందిలో పదకొండుమందికి నీలిగీత ఉంది. తడిగుడ్డ వాళ్ళలో ఒక్కరికీ లేదు. మర్నాటి నుంచి బొమ్మలవీధిలో ప్రతి కుంచె పక్కనా తడిగుడ్డ వచ్చి చేరింది.

రాజుగారి పన్ను కూడా ఊడింది. ఆయన అరిచిన అరుపుకు కోట పావురాలన్నీ లేచిపోయాయి గానీ, సాయంత్రానికి ఆయన రెండు గిన్నెల పెరుగన్నం తిన్నాడు. నిండు సభలో పాత ఆచారాన్ని రద్దు చేసి, "అర్ధరాజ్యం కావాలా, కోడలిగా వస్తావా?" అని పున్నాగను అడిగాడు.

పున్నాగ తల ఎత్తి, అందరికీ వినబడేలా చెప్పింది. "వైద్యశాల ఇప్పించండి, ప్రభూ. వచ్చిన ప్రతి మనిషికీ విడిగా ఒక తాటాకు ఉండాలి. వాళ్ళ బాధ వాళ్ళ మాటల్లోనే అందులో రాయాలి."

అలా పధ్నాలుగేళ్ళ పున్నాగ రత్నకూటం వైద్యశాలకు అధిపతి అయింది. తెరిచిన రోజున వరుస ఏటి ఒడ్డు దాకా సాగింది. వాకిట్లో కాటమ్మ అరుగు మీద కూర్చుని, "లోపల ఉన్నది మా అమ్మాయే," అని అడగనివాళ్ళకు కూడా చెబుతోంది.

మధ్యాహ్నానికి వరుసలో భద్రపాదుడి వంతు వచ్చింది. కుంటుకుంటూ వచ్చి పీట మీద కూర్చుని, "నాది సంధివాతం," అన్నాడు గంభీరంగా.

"పేరు తర్వాత చూద్దాం, అయ్యగారూ," అంది పున్నాగ, కొత్త తాటాకు తీసుకుని. "మీకేమవుతోంది?"

ముసలి వైద్యుడు నోరు తెరిచాడు, మూశాడు. యాభై ఏళ్ళుగా ఆయనను ఎవరూ ఆ మాట అడగలేదు. పున్నాగ గంటం పట్టుకుని ఎదురుచూసింది. ఆయన మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.