చివర నడిచే మనిషి

ఏది ముందు జరిగిందో, ఏది తరవాత జరిగిందో ఈ మధ్య నాకు తారుమారవుతోంది. అయినా వెర్నా నాకు చెప్పినది చెప్పినట్టే రాయాలని చూస్తాను. ఆ రోజు నేనూ ఆ గుంపులోనే, ముందు వరసలో ఉన్నాను.

టాస్మేనియా ఉత్తర తీరాన మా చిన్న ఊళ్లో ఆడవాళ్లు మంగళవారం పొద్దున్నే లైట్‌హౌస్ దాకా నడుస్తారు. భర్త కీత్ పోయాక వెర్నా కొన్ని నెలలపాటు కిటికీ తెరలు కూడా తియ్యలేదు. పక్కింటి మాబ్ ఒకనాడు తలుపు తట్టి, "బూట్లు వేసుకోవే. ఏడవాలనుంటే నడుస్తూ ఏడుద్దువుగాని" అని లాక్కొచ్చింది. మోకాళ్ల నొప్పుల గురించి, కోడళ్ల గురించి, మాబ్ చేసే రాళ్లలాంటి స్కోన్ రొట్టెల గురించి వింటూ నడుస్తుంటే, వెర్నాకి మళ్లీ నవ్వడం వచ్చింది. మంగళవారం కోసమే మిగతా వారమంతా బతుకుతున్నానని నాతో అనేది.

గుంపుకి ఒక పద్ధతి ఉంది. అందరికంటే వెనక నడిచే మనిషి నారింజ రంగు చేతుల్లేని కోటు వేసుకోవాలి. ఉన్నది ఆ ఒక్క కోటే. మలుపు తిరిగినప్పుడల్లా ముందు నడిచే నోలీన్ "కూ...ఈ" అని కేక వేస్తుంది. కోటు మనిషి తిరిగి "కూ...ఈ" అనాలి. ఇంకెవరూ పలకకూడదు. చివరి మనిషి గొంతు వినిపిస్తే మధ్యలో వాళ్లంతా క్షేమమన్నట్టే. ఇక వెనక్కి తిరిగి చూసే పని లేదు.

అంతకు ముందు నెలలో వెర్నా దారి మరిచిపోయి, చేపల రేవు దగ్గర ఒక్కతే కూచుని దొరికింది. ఆ సాయంత్రం కారు పక్కన నోలీన్ మాబ్‌తో అంటున్న మాట ఆమె చెవిన పడింది. "ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇక తీసుకురాలేం." మాబ్ కాదనలేదు. నోలీన్ మాటకంటే మాబ్ మౌనమే వెర్నాకి గుచ్చుకుంది.

అందుకే ఆ మంగళవారం తనే కోటు అడిగింది. నోలీన్ మాబ్ వైపు చూసింది.

"ఇవ్వు" అంది మాబ్. "తోక ఉంటేనే కదా గాలిపటం ఎగిరేది."

అందరూ నవ్వారు. వెర్నా కూడా నవ్వింది గానీ, ఆ చూపుల్ని మనసులో దాచుకుంది. తనకి పరీక్ష పెడుతున్నారు.

పొద్దెక్కినా మంచు విడలేదు. టీ-ట్రీ పొదలు రెండు వైపుల నుంచీ వంగి దారిని గుహలా కప్పేశాయి. కుళ్లిన సముద్రపు నాచు వాసన. ముందు వాళ్ల కోట్లు ఒక్కొక్కటే తెల్లదనంలో కరిగిపోయాయి. కబుర్లు మాత్రం వినిపిస్తున్నాయి, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు.

మొదటి మలుపు. నోలీన్ కేక. వెర్నా ఊపిరి తీసుకుంది.

"కూ...ఈ."

ఆమె ఇంకా నోరు తెరవలేదు. ఆ గొంతు ఆమె వెనక నుంచి వచ్చింది.

ముందు వాళ్లు నిశ్చింతగా కదిలిపోయారు. వెర్నా వెనక్కి చూసింది. మంచు, తడి ఇసుక, అంతే. మాబ్ పొదల్లో నక్కి ఆట పట్టిస్తోందా? తను తడబడితే పట్టుకుందామని వాళ్లంతా కూడబలుక్కున్నారా? ఇప్పుడు తనూ పలికితే రెండు సార్లెందుకు పలికావంటారు. వెనక ఎవరో ఉన్నారని చెబితే, నీ వెనక ఎవరుంటారు వెర్నా, అని జాలిగా చూస్తారు. ఆ జాలితోనే మంగళవారాలు అయిపోతాయి.

నోరు మూసుకుని నడిచింది.

రెండో మలుపులో ఆ జవాబు ఇంకా దగ్గరగా వచ్చింది. తడిసిన ఉన్ని వాసన... ఉప్పు వాసన. ఆమె ఆగింది. వెనక ఒక్క అడుగు పడి... ఆగింది.

మాబ్‌ని పిలుద్దామనుకుంది. చెవి పక్కన చల్లగా ఊపిరి తగిలింది.

"నువ్వు పలక్కు. నీకు గుర్తుండదు... నేను పలుకుతాను."

మూడో కేక వచ్చింది. ఈసారి జవాబిచ్చిన గొంతు వెర్నాది. చివర్న కాస్త బొంగురుపోయే ఆమె సొంత గొంతే. పెదవులు మాత్రం కదల్లేదు.

వెర్నా ఇసుకలో కూలబడింది. పక్క నుంచి ఎవరో దాటిపోయారు. మంచులో నారింజ రంగు వీపు ఒకటి... మెల్లగా... ముందు వాళ్లలో కలిసిపోయింది.

వెర్నా లైట్‌హౌస్ కింద షెడ్డుకి చేరేసరికి అందరూ ఫ్లాస్కుల చుట్టూ కూచుని నవ్వుతున్నారు.

"ఇప్పుడే కదే ఇక్కడ కూచున్నావు, మళ్లీ ఎక్కడికి పోయావు?" అంది మాబ్. "నీ టీ చల్లారిపోతోంది."

బల్ల చివర సగం తాగిన కప్పు ఉంది. పక్కన కొరికిన బిస్కెట్.

నోలీన్ లేచి వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. "ఇవాళ నీ మాటలకి నవ్వలేక చచ్చాం. అందరి మనవల పేర్లూ గడగడా చెప్పావు. నేనే అనవసరంగా భయపడ్డాను తల్లీ. ఇక నుంచి కోటు నీదే."

వెర్నా చెప్పబోయింది. మాబ్ వైపు చూసింది. సంతోషంతో మాబ్ కళ్లు తడిగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ మౌనం వెనక ఉన్నది భయమేనని వెర్నాకి అప్పుడు తెలిసింది. ఇప్పుడు నిజం చెబితే ఈ బల్ల దగ్గర తన చోటు పోతుంది.

కూచుంది. కప్పు అందుకుంది. అంచున తడి ఇసుక, సన్నటి నాచు పోగు. కళ్లు మూసుకుని తాగేసింది.

హైమా, ఈ కాగితాలతో పాటు ఆ రోజు తీసిన ఫోటో కూడా పంపుతున్నాను. ఈ అత్తయ్య పేర్లు సరిగా రాసిందో లేదో చూడమ్మా. ఎడమ పక్క నుంచి నోలీన్, మాబ్, నేను. బల్ల చివర నారింజ కోటుతో కప్పు పట్టుకుని కూచున్నావిడ వెర్నా. ఆవిడ వెనక నారింజ కోటుతో నిలబడ్డావిడ పేరు కూడా నాకు వెర్నా అనే గుర్తు. కాదనిపిస్తే కొట్టేసి, ఎవరో నువ్వే రాయి.