కన్నకూతురేనని ఒక సంతకం

అద్దాలాయన పొద్దున్నే షాపు తెరిచి, ఎవరిదో పాత కళ్ళజోడుకి మరలు బిగిస్తున్నాడు. షాపు వెనకాలే ఇల్లు. మధ్య తలుపు తోసుకుని భార్య వచ్చి, ఆయన ముందు ఒక కాగితం పెట్టింది. ఆవిడ పెద్దాసుపత్రిలో పురుళ్ళు పోసిన నర్సమ్మ. రిటైరైనా నడకలో ఆ చురుకు తగ్గలేదు.

"ఏమండీ, ఇక్కడ మీ సంతకం కావాలి."

"దేనికి?"

"వీసాకి. పెద్దదాని దగ్గరికి వెళ్తున్నాను."

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆరేళ్ళుగా ఆయన ఎదుట ఎవరూ పెద్దదాని ఊసెత్తలేదు. చదువుకోడానికి వేరే దేశం వెళ్ళి, అక్కడి అబ్బాయిని చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. ఆ రోజే ఆయన 'నాకు కూతురు లేదు' అన్నాడు. అని ఊరుకోలేదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పాడు. తల్లి మాత్రం వంటింటి తలుపేసుకుని ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. ఇప్పుడు ఆ దేశంలో యుద్ధం. పెద్దదానికి నెలలు నిండుతున్నాయి, విమానం ఎక్కనివ్వరు. మగవాళ్ళనెవర్నీ దేశం దాటనివ్వడం లేదు కాబట్టి అల్లుడూ కదల్లేడు.

"చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి వీసాలు ఆపేశారు. కన్నవాళ్ళకీ తోబుట్టువులకీ మాత్రం ఇస్తున్నారు. ఈమె మా కన్నకూతురేనని తల్లీ తండ్రీ ఇద్దరూ నోటరీ ముందు సంతకం చెయ్యాలట."

"లేని కూతురికి సంతకమేంటి?" అని ఆయన మళ్ళీ కళ్ళజోడు మీదికి వంగాడు.

ఆఫీసుకి బయల్దేరుతున్న కొడుకు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అమ్మా, నీకేమైనా మతిపోయిందా? అక్కడికి వెళ్ళొద్దని మన ప్రభుత్వమే చెబుతోంది. వెళ్తే ఇన్సూరెన్సు కూడా వర్తించదు. అక్కడున్న మన ఎంబసీ మూసేశారు, ఏదైనా అయితే పక్క దేశంలో ఉన్న మన ఎంబసీ వాళ్ళే పలకాలి. సరిహద్దు నుంచి పగలంతా బస్సులో వెళ్ళాలి. నా ప్రాణానికి నాదే పూచీ అని నీ చేత రాయించుకుంటారు, తెలుసా?"

"రాసి పెట్టుకున్నాను."

"నీకేమైనా అయితే?"

"నాకేమైనా అయితే నీ పిల్లాణ్ణి స్కూలు నుంచి ఎవరు తీసుకొస్తారనా?"

కొడుకు మొహం మాడిపోయింది. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు. అన్నాక ఆవిడకీ కలుక్కుమంది. కానీ పిలవలేదు.

కాగితం షాపు బల్ల మీదే ఉండిపోయింది. ఆవిడ రోజూ అడిగేది. ఆయన రోజూ ఏదో ఒక పని కల్పించుకునేవాడు. అలా రెండు వారాలు దొర్లిపోయాయి.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నాడు. ఆవిడ వడ్డించకుండా ఎదురుగా నిలబడింది.

"అది పురిటికి చేరాల్సిన ఆసుపత్రి మీద బాంబు పడిందట. దాన్ని ఏదో నేలమాళిగలో పెట్టారు. డాక్టరు లేడు. నీళ్ళు కూడా లేవు."

"అందుకే వెళ్ళొద్దంటున్నాను. నిప్పుల్లో దూకుతానంటే సంతకం పెట్టి మరీ తొయ్యమంటావా?"

"భయమైతే భయమని చెప్పండి. పంతానికి భయం ముసుగు తొడగకండి."

"పంతమే! అయితే ఏంటి? కూతురు లేదని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు ముద్ర కొట్టించి మరీ ఉందని చెప్పనా?"

"ఊరికి అబద్ధం చెప్పారు. ఎంబసీకైనా నిజం చెప్పండి."

ఆయన కంచం తోసేశాడు. ఆవిడ గొంతు పెంచలేదు.

"ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని 'అమ్మా' అని అరిచారు. అందరికీ నా చెయ్యి అందించాను. రేపు నా కూతురు అరిస్తే అందించడానికి నాకు చెయ్యి లేదు. మీరు దాన్ని తొక్కిపట్టి నిలబడ్డారు."

మర్నాడు ఆయన షాపు తెరవలేదు. చొక్కా మార్చుకుని, "పద" అన్నాడు.

నోటరీ కాగితం పైకే చదివాడు. కళ్ళజోడు మీదుగా చూసి, "ఈమె మీ కన్నకూతురే కదండీ?" అన్నాడు. ఆయన తలూపాడు. "నోటితో చెప్పాలండీ."

"అవును... మా అమ్మాయే." బల్ల అంచు పట్టుకుని సంతకం చేశాడు.

అటునుంచి అటే ఆ దేశం ఎంబసీకి వెళ్ళారు. కొడుకు సెలవు పెట్టి ముందే వచ్చి వరసలో నిలబడి ఉన్నాడు. "సరిహద్దు దాకా నేనూ వస్తానమ్మా" అన్నాడు తల్లి మొహంలోకి చూడకుండా. ఆవిడ వాడి భుజం మీద చెయ్యేసింది.

కిటికీ అవతలి అమ్మాయి కాగితాలు తిరగేసి వెనక్కి జరిపింది. "అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ. కానీ నిన్నటి నుంచి కన్నవాళ్ళకి కూడా ఆపేశారు. పోయిన వారం ఇచ్చి ఉంటే ఈపాటికి వీసా చేతికొచ్చేది."

కొడుకు బతిమాలాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. నర్సమ్మ కాగితాలన్నీ ఒక్కొక్కటిగా సర్దుకుంది. బస్సులో ఆయన "నేనే..." అని మొదలుపెట్టాడు.

"ఇప్పుడేం మాట్లాడకండి" అంది.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు ఆవిడ వంటింట్లో ఉండగా పెద్దదాని నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ కాసేపు తల్లి కాదు, ఉత్త నర్సు. "మాయ పూర్తిగా పడిందా? జ్వరముందా? బొడ్డు దేంతో కోశారు? దాన్ని ఉడకబెట్టారా?" అడగాల్సినవన్నీ అడిగాక గోడకి చేరగిలబడి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని షాపులోకొచ్చి ఫోన్ ఆయన చేతికిచ్చింది.

"ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగానే ఉన్నారు. ఛార్జింగు అయిపోతోందట, మాట్లాడండి."

ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల పసిదాని ఏడుపు. "అమ్మా..." అన్నాడు.



"ఎవరండీ?" అంది కూతురు.

"నేనేరా... నాన్నని. నావల్లే అమ్మ రాలేకపోయింది తల్లీ. నేనే ఆపాను."

అవతల ఏడుపు వినిపించింది. తల్లిదో పిల్లదో తెలియలేదు. "నాన్నా..." అన్నంతలో లైను తెగిపోయింది.

ఆయన ఫోన్ పట్టుకుని అలాగే కూలబడ్డాడు. "నా గొంతు మర్చిపోయిందే" అన్నాడు చిన్నపిల్లాడిలా.

'మర్చిపోదా మరి' అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆయన పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

"కరెంటు వచ్చాక మళ్ళీ చేస్తుంది. ఈసారి మీరే ఎత్తండి."